నిలవ నొప్పి

సాయంత్రం పని ముగిశాక అప్పగింతలు జరిగేవి.

ఆ పేరు పెట్టింది బేబీరాణి. పెళ్లిలో పిల్లను అత్తవారి చేతుల్లో పెట్టే తంతుకీ, కాకినాడలోని ఒక ఆస్పత్రి మూడో అంతస్తులో కోడర్లు చేసే పనికీ పోలికేమిటని ఇందుశేఖర్ మొదట్లో విసుక్కున్నాడు. అతను మనస్తత్వ శాస్త్రవేత్త. ఆ ప్రయోగశాల అతనిది. తన పరిశోధన పత్రంలో దానికి గంభీరమైన పేరొకటి రాశాడు గాని దాన్ని ఎవరూ పలకలేదు. చివరికి అతను కూడా గోడ గడియారం చూసి "అప్పగింతలు కానివ్వండి" అనడం మొదలుపెట్టాడు.

కోడర్లు తలపట్టీలు తీసి, కిటికీ దగ్గర వరసగా కుర్చీల్లో కూర్చునేవారు. కళ్లు మూసుకుని ఎవరి ఒంట్లో వాళ్లు వెతుక్కునేవారు. ఇల్లు తాళం వేసే ముందు గదులన్నీ ఒకసారి చూసుకున్నట్టు.

"కుడి మోకాలు. పొద్దున వచ్చిన కొబ్బరి దింపే ఆయనది" అనేది ఒకామె. అనగానే మోకాలు తేలికపడేది.

"కింది దవడ. కాలేజీ పిల్లది" అనేది ఇంకొకామె. దవడ వదిలేసేది.

వాళ్ల పని ఇలా ఉండేది. డాక్టరు రోగిని చూసి జబ్బు గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. ఆ నాలుగు ముక్కలు చదివి, ప్రపంచమంతా వాడే జాబితాలోంచి ఆ జబ్బుకు సరైన సంకేతం ఇవ్వడం కోడర్ వంతు. ఏ ఊళ్లో ఏ జబ్బు పెరుగుతోంది, ఎవరికి ఏ వైద్యం అందాలి అన్నది ఆ సంకేతాల మీదే ఆధారపడి ఉంటుంది. కాని డాక్టర్లు 'కడుపు నొప్పి' అని రాసి ఊరుకుంటారు. ఎక్కడ, ఎలాంటిది, ఏ వైపు అన్నది ఉండదు. రాయనిది కోడర్ ఊహించకూడదు. ఏమీ తేలని నొప్పులకు ఉన్న మామూలు సంకేతం ఇచ్చి వదిలేయాలి.

ఇందుశేఖర్ అక్క సువర్చల ఇరవై ఏళ్లు ఆ పని చేసింది. ఇంటికొచ్చి అన్నం తింటూ రోజూ అదే గొణిగేది. "నొప్పి అని రాస్తార్రా. ఎవరికి లేదు నొప్పి? ఏ నొప్పో రాయడానికి చెయ్యి రాదు." ఆ గొణుగుడు వినీ వినీ ఇందుశేఖర్ ఆ యంత్రం చేశాడు. రోగి డాక్టరుతో మాట్లాడుతున్నంతసేపూ అతని నుదుటికి ఒక పట్టీ ఉంటుంది. ఒంట్లో అప్పుడు ఏం తెలుస్తోందో అది పట్టుకుంటుంది. కోడర్ అలాంటిదే ఇంకో పట్టీ కట్టుకుంటే, అదే నొప్పి పలచబడి, నీళ్లు కలిపిన మజ్జిగలా ఆమె ఒంట్లోకి వస్తుంది. దానికి అనుభవ లేఖ అని పేరు పెట్టాడు. అందరూ లేఖ అనేవారు.

లేఖ వచ్చాక తేలని నొప్పులు తేలాయి. అజీర్ణమని వచ్చిన మనిషిది గుండె నొప్పని సువర్చల పట్టుకుంది. బెణుకు అనుకున్న చోట విరిగిన ఎముక ఉందని బేబీరాణి పట్టుకుంది. పెద్ద ఆస్పత్రుల నుంచి మనుషులు వచ్చి చూసి వెళ్లడం మొదలైంది.

ఒక్కటే ఇబ్బంది. పట్టీ తీసేశాక కూడా నొప్పి కొంత ఒంట్లో ఉండిపోయేది. దాన్ని నిలవ అనేవారు. ఎవరివో పంటి నొప్పులు, పక్క నొప్పులు మోసుకుని కోడర్లు బస్సెక్కేవారు. దానికి మందు కనిపెట్టిందీ ఇందుశేఖరే. ఆ నొప్పి ఎవరిదో గుర్తుపట్టి పైకి చెబితే చాలు, పోతుంది. తనది కాదని తెలిసినదాన్ని మనసు మోయడానికి ఒప్పుకోదు. ఆ సంగతి కనిపెట్టినందుకు అతనికి లోపల చాలా గర్వంగా ఉండేది.

ఆ రోజు అప్పగింతల్లో సువర్చల చివరగా అంది. "వీపు. రెండు భుజాల మధ్య. లారీ డ్రైవరుది."

బేబీరాణి కళ్లు తెరిచింది. "లారీ ఆయనకి వీపెక్కడ నొప్పండీ బాబూ? ఆయనది కడుపు కదా. నేనూ వేసుకున్నాను."

"నీకు కడుపు దాకే తెలిసిందే. వెనక్కి పాకింది అది."

"నాకు పాకలేదండి మరి."

"నీ వీపుకి తీరికెక్కడిది? ఫోను పట్టుకుని ఒంగే ఉంటావు."

అందరూ నవ్వారు. బేబీరాణి కూడా నవ్వింది. సువర్చలతో వాదించి గెలిచినవాళ్లు ఆ గదిలో లేరు. ఇందుశేఖర్ నవ్వుతూనే అక్క వైపు చూశాడు. లారీ డ్రైవరుది అన్నాక ఆమె భుజాలు నిజంగానే కిందికి దిగాయి. నొప్పి పోయింది. అది అతనికి స్పష్టంగా కనిపించింది. అందుకే ఆ సాయంత్రం అతనికి ఏ అనుమానమూ రాలేదు.

అనుమానం ఇంటి మెట్ల మీద వచ్చింది.

వాళ్లది రామారావుపేటలో మేడ మీద ఇల్లు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. అమ్మ పోయేనాటికి సువర్చల పదో తరగతి, ఇందుశేఖర్ ఒకటో తరగతి. నాన్న రేవులో సరుకు లెక్క రాసేవాడు. ఓడ వచ్చిందంటే ఇంటికి రాడు. అన్నం వండటం, జడ తనే వేసుకోవడం, తమ్ముడి ముక్కు తుడవడం, అన్నీ ఆ పిల్ల ఒకేసారి నేర్చుకుంది. ఆ రోజుల గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడదు. అతను అడిగితే, అప్పట్లో బియ్యం బాగుండేవని చెబుతుంది.

మెట్లెక్కుతూ ఆమె మధ్యలో ఆగి, కింది వాటావాళ్ల కరివేపాకు మొక్కను పలకరించింది. పురుగు పట్టిందా ఏమిటే అని అడిగింది. ఇదివరకు ఆమె మొక్కలతో మాట్లాడేది కాదు. మళ్లీ కదిలినప్పుడు ఎడమ కాలి చెప్పు మెట్టు మీదే ఉండిపోయింది. ఆమె ఉత్త కాలితోనే పైదాకా వెళ్లింది. ఇందుశేఖర్ చెప్పు తీసుకెళ్లి ఇస్తే, తెగిందేమో అంది. అతను చూశాడు. తెగలేదు.

వంటింట్లో ఆమె కంద చెక్కు తీస్తుంటే అతను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బచ్చలి కడిగి పక్కన పెట్టి ఉంది. ఒక్కసారిగా అడిగేశాడు.

"అక్కా, నీకు ఆయాసంగా ఉంటోందా?"

"కొంచెం."

"ఛాతీలో బరువుగా?"

ఆమె కత్తి ఆపి ఆలోచించింది. "ఉన్నట్టే ఉంది."

"ఎడం చెయ్యి లాగుతోందా?"

"ఇదిగో, ఇప్పుడు లాగుతోంది." ఆమె చేతిని చూసుకుని నవ్వింది. "ఊరుకోరా ఇందూ. హోటల్లో టిఫిన్లు చదివినట్టు ఒక్కోటీ చదువుతున్నావు. నువ్వు చదివిందల్లా వచ్చేస్తోంది నాకు."

అతను నవ్వలేకపోయాడు. మర్నాడే ఆస్పత్రిలో ఆమెకు గుండె పరీక్షలు చేయించాడు. గుండె శుభ్రంగా ఉంది. వారం పోయాక, తిన్న తర్వాత మంటగా ఉంటోందా అని అడిగాడు. ఉందంది. కడుపులోకి గొట్టం వేసి చూశారు. కడుపూ శుభ్రంగా ఉంది. ఆ తర్వాత పిత్తాశయం సంగతి అడిగాడు. అక్కడ కూడా వెంటనే నొప్పి వచ్చింది. అదీ శుభ్రమే.

ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఇతరుల నొప్పులకు ఇన్నేళ్లు తలుపు తీసి పెట్టిన ఒళ్లు అది. పేరు వినబడితే చాలు, లోపలికి రానిస్తోంది. ఏది బయటి నుంచి వచ్చింది, ఏది లోపలే పుట్టింది అన్న తేడా ఆ ఒంటికి తెలియడం మానేసింది.

పరీక్షలు చేయించిన డాక్టర్ మెహరున్నీసా అతన్ని తన గదికి పిలిచింది. లేఖ తయారీలో మొదటి నుంచీ ఆవిడ తోడుంది. కాని పట్టీ మాత్రం ఏనాడూ కట్టుకోలేదు. రోగి నొప్పి నాకెందుకు, రోగి మాట చాలు అనేది. ఆవిడ మూడు పరీక్షల ఫలితాలూ బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది.

"మీ అక్కగారి ఫైల్లో మూడు జబ్బులున్నాయి. మూడూ మీ నోటి నుంచి వచ్చినవే. ఆవిడ చెప్పింది ఒక్కటీ లేదు."

ఇందుశేఖర్ తల దించుకున్నాడు. కోడర్లకు ఒక నియమం ఉంది. డాక్టరు రాసింది అర్థం కాకపోతే ప్రశ్న పంపవచ్చు. కాని జవాబు ప్రశ్నలో ఉండకూడదు. పిత్తాశయంలో రాయే కదండీ అని అడగకూడదు. నొప్పి గురించి ఇంకాస్త వివరంగా రాయగలరా అని మాత్రమే అడగాలి. కొత్తగా చేరినవాళ్లకు సువర్చల మొదటిరోజే చెప్పే పాఠం అది. మాటందించకూడదు, అంతే. ప్రయోగశాలలో అందరికీ తెలిసిన ఆ పాఠాన్ని అతను వంటింటి గుమ్మం దగ్గర మరిచిపోయాడు. భయపడినవాడు ప్రశ్న అడగడు. తను భయపడుతున్నదాన్ని ఎదుటివాళ్ల చేత అనిపిస్తాడు.

అప్పుడతనికి తన యంత్రం గుర్తొచ్చింది. మాటలతో పనిలేదు. అక్క లేఖ తీస్తే సరిపోతుంది.

సొంతవాళ్ల లేఖ చూడకూడదని ప్రయోగశాలలో ఒక పద్ధతుంది. ఆదివారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ పద్ధతి తప్పాడు. సువర్చల కుర్చీలో కూర్చుని, నీ యంత్రానికి నేను పనికొస్తానేమో గాని నీ యంత్రం నాకేం పనికొస్తుందిరా అంటూనే పట్టీ తనే కట్టుకుంది. అతను కాఫీ తేవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె లేఖ తీసే మీట తనే నొక్కేసి ఉంది. అతను ఎదురుగా కూర్చుని, ఈసారి పద్ధతిగా, ఒంట్లో ఎలా ఉందో చెప్పమన్నాడు. బాగానే ఉందిరా అని, పక్కింటి వాళ్ల కొత్త పంపు మోత గురించి చాలాసేపు చెప్పింది. ఆమెను ఆటోలో ఇంటికి పంపి, అతను ఒక్కడే కూర్చుని రెండో పట్టీ కట్టుకున్నాడు.

మొదట చేతి గాజుల బరువు తెలిసింది. అక్క గాజులు ఇంత బరువుంటాయని అతనికి తెలియదు. తర్వాత వీపులో, రెండు భుజాల మధ్య, తడిబట్టను మెల్లగా పిండుతున్నట్టు ఒక నొప్పి. అది రూపు కడుతుండగానే తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. అడుగుల చప్పుడు. అవి తన అడుగులే.

వెంటనే ఆ ఒంట్లో ఏదో జరిగింది. భుజాలు కొద్దిగా లేచాయి. ఊపిరి సగంలో ఆగింది. పక్కటెముకల చుట్టూ ఏదో బిగిసి, నొప్పిని కిందికి అదిమి దాని మీద కూర్చుంది. ముఖం తేలికపడింది. గొంతు దగ్గర కొంచెం వెచ్చగా అనిపించింది. తర్వాత లేఖ అయిపోయేదాకా నొప్పి లేదు. పంపు మోత కబురు ఒక్కటే ఉంది.

అతను పట్టీ తీయకుండా అలాగే కూర్చున్నాడు. ఆ బిగింపును అతను బయటి నుంచి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నాడు. అది అక్క ముఖమే అనుకున్నాడు. అక్కలందరూ కాస్త నిటారుగా, కాస్త నవ్వుతూ ఉంటారనుకున్నాడు. తను గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఒక మనిషి తన ఒంటిని ఇలా సర్దుకుంటుందని, అలా సర్దుకోవడం ఆమెకు కూడా తెలియదని, లోపలి నుంచి చూస్తే అది అచ్చం ప్రేమలాగే ఉంటుందని అతనికి ఆ కుర్చీలో తెలిసింది. ప్రేమలాగా ఏమిటి, ప్రేమే. దానివల్లే ఆమె నొప్పి ఎవరికీ దొరకడం లేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. లేఖలో నొప్పి ఉంటుంది గాని నొప్పి కథ ఉండదు. ఎప్పుడు మొదలైంది, దేనికి పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నది ఏ పట్టీకీ అందదు. ఆ కథ లేకపోతే ఏ పరీక్ష చేయాలో డాక్టరుకు తెలియదు. దాన్ని మనిషే చెప్పాలి. అతను ఎదురుగా ఉన్నంతసేపూ ఆమె చెప్పదు.

తర్వాత అప్పగింతల సంగతి ఆలోచించాడు. యజమాని పేరు చెబితే నొప్పి పోతుందని అతను కనిపెట్టాడు. ఆ పేరు నిజమైనదో కాదో మనసు సరిచూసుకోదన్న సంగతి మాత్రం కనిపెట్టలేదు. ఆమె రోజూ సాయంత్రం తన నొప్పినే ఒక లారీ డ్రైవరుకో, ఒక చేపలావిడకో అంటగట్టి తేలిక పడుతోంది. అది మాత్రం లోపల పెరుగుతూనే ఉంది.

సోమవారం పొద్దున్నే మెహరున్నీసా గదికి వెళ్లాడు. అక్కను మీరే అడగండి, నేను లోపలికి రాను అన్నాడు.

"ఏమడగమంటారు?" అందావిడ.

వీపు అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను నోరు మూసుకున్నాడు. ఆవిడ అతని ముఖం చూసి, చెప్పకండి అంది.

వరండాలో, ఓరగా వేసిన తలుపు పక్కన నిలబడ్డాడు. లోపల అక్క కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది. మీ తమ్ముడు లేడు, పట్టీ లేదు, ఎలా ఉన్నారో చెప్పండి అని మెహరున్నీసా అడిగింది. సువర్చల అలవాటు ప్రకారం అప్పగింతలు మొదలుపెట్టింది. మెడ దగ్గర కాస్త ఉందండి, అది నిన్నటి టైలరుది. మోచెయ్యి, అది ఎవరిదో పిల్లాడిది. వీపులో కొంచెం, అది లారీ ఆయనది. చెప్పడం అయిపోయింది. డాక్టరు మాట్లాడలేదు. అవునన్లేదు, కాదన్లేదు. వరండాలో ట్రాలీ ఒకటి గడగడమంటూ వెళ్లింది. ఆ చప్పుడు దూరమై పోయింది. లోపల ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దం ఇందుశేఖర్‌కే భరించరానిదిగా ఉంది. లోపల ఉన్నది తనైతే ఈపాటికి ఏదో ఒక మాట అందించి ఉండేవాడు.

"పడుకుంటే వస్తోందండి" అంది సువర్చల.

ఆమె గొంతు వేరేగా ఉంది. ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు.

"కూర్చుంటే పోతుంది. నడుం వాల్చేసరికి మళ్లీ వస్తుంది. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను. సాయంత్రం లారీ ఆయనదని అప్పగిస్తే పోతోంది. ఇంటికెళ్లి పక్కేసుకుంటే నాకంటే ముందు అదే పడుకుని ఉంటోంది. ఎవరిదో అయితే ఇన్నాళ్లుంటుందాండీ?"

డాక్టరు ఏదో మెల్లగా అడిగింది.

"దసరా ముందు నుంచండి."

మళ్లీ ఏదో అడిగింది.

"వాడికెందుకండీ చెప్పడం. వాడి మిషనుకి ఇప్పుడిప్పుడే నాలుగు ఊళ్లలో పేరొస్తోంది. మొదట కట్టుకున్న మనిషికే తేడా చేసిందంటే ఆపేస్తారు కదా. వాడు చిన్నప్పుడు ఏది మొదలెట్టినా సగంలో వదిలేసేవాడండి. ఇదొక్కటే పూర్తి చేశాడు."

ఇందుశేఖర్ చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. తోస్తే చాలు. లోపలికెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చోవాలనిపించింది. కాని వెళితే ఆ భుజాలు లేస్తాయి, ఊపిరి సగంలో ఆగుతుంది, పంపు మోత మొదలవుతుంది. ఆమె ఇంకా చెప్పవలసింది ఉంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"కాలు కూడా ఒకటుందండి" అంది సువర్చల లోపల. "ఎడంది. చెప్పు జారిపోయినా తెలియట్లేదు. మెట్ల మీద ఏదోలా ఉంటే ఆగి మొక్కలు చూస్తున్నాను. ఇది మాత్రం ఎవరికీ అప్పగించలేదండి. కాలు తెలియడం లేదని వచ్చిన రోగి ఎవరూ లేరు మాకు."

"ఇది నాదే అయుంటుందండి" అంది మళ్లీ, చాలా మర్యాదగా, దుకాణంలో మరిచిపోయిన సంచి అడుగుతున్నట్టు.

మెహరున్నీసాకు అది చాలు. పడుకుంటే పెరిగే నొప్పి, తెలియని కాలు. ఆ మధ్యాహ్నమే వెన్ను నడిమి భాగానికి స్కానింగ్ చేయించింది. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరలోంచి పెరిగిన గడ్డ అది. క్యాన్సర్ కాదు. కాని వెన్నుపామును ఒక పక్కకు నొక్కేసి ఉంది. ఇంకొన్ని వారాలు ఇలాగే గడిస్తే రెండు కాళ్లూ పడిపోయేవని, ఇప్పుడు తీస్తే చాలావరకు తిరిగొస్తాయని, ఎంత తిరిగొస్తాయో మాత్రం ముందే చెప్పలేమని ఆవిడ దాచకుండా చెప్పింది.

సువర్చల తన స్కానింగ్ బొమ్మను వెలుతురుకు పెట్టి చూసి, ఇంత పెట్టుకుని ఊళ్లోవాళ్లందరి మీదికీ తోశాను పాపం అంది.

ఆపరేషను విశాఖపట్నంలో జరిగింది. ఆ వారమంతా ఇందుశేఖర్ ప్రయోగశాలకు తాళం వేశాడు. ఇక తెరవకూడదనే అనుకున్నాడు. ఆ మాట ఫోనులో చెబితే బేబీరాణి ఒప్పుకోలేదు. నెల కిందట నీరసమని రాసి పంపేసిన పాప గుండె జబ్బు లేఖలోనే కదండీ దొరికింది, ఆపేస్తే రేపు వచ్చే పాప సంగతేంటండి అని అడిగింది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకుని ఒక పద్ధతి ఆలోచించారు. పొద్దున పట్టీ కట్టుకునే ముందే ప్రతి కోడరూ ప్రయోగశాలతో సంబంధం లేని డాక్టరు దగ్గర కూర్చుని తన ఒంట్లో ఏముందో తనే చెప్పాలి. ముందు సొంతవి తేలాకే ఎవరివైనా. అది సరిపోతుందో లేదో వాళ్లకు తెలియదు. ఇద్దరు కోడర్లు అప్పటికే మానేశారు. వాళ్లను ఉండమని అతను అడగలేదు.

ఆపరేషను అయిన కొన్నాళ్లకు సువర్చల కేసు విశాఖ నుంచి కోడింగుకు కాకినాడ వచ్చింది. అది బేబీరాణి చేతిలో పడింది. ఇందుశేఖర్ ఫోను స్పీకర్లో పెట్టి, ఆస్పత్రి మంచం మీద అక్క దిండు పక్కన ఉంచాడు.

"సర్జన్ గారు వెన్ను గడ్డ తీశాం అని రాశారండి" అంది బేబీరాణి.

"ఏ పొర? ఏ భాగం? మంచిదా చెడ్డదా?"

"రాయలేదండి. వీపు భాగమే కదా, మంచి గడ్డే కదా అని అడిగేయనాండీ? మనకి తెలుసు కదా."

"ఏవే, నా కేసనేసరికి నియమాలు ఎగిరిపోయాయా? వివరంగా రాయమని అడుగు. నోరు మూసుకుని కూర్చో. రాస్తాడు." ఆమె కాస్త ఆయాసపడి, మళ్లీ అందుకుంది. "ఏ భాగమో తేలని సంకేతం నా పేరు పక్కన కనబడిందంటే నీ సంగతి చెప్తాను."

ఆపరేషను తర్వాత బలం తగ్గిన కుడి కాలు ఇంటికొచ్చాక త్వరగా కోలుకుంది. ఎడమ కాలు కదిలేది గాని, మోకాలి కింద నుంచి దానికి ఏమీ తెలిసేది కాదు. వేడి తెలియదు, చల్లన తెలియదు, చీమ కుట్టినా తెలియదు. తెలియవచ్చు, తెలియకపోవచ్చు, ఆగి చూడాలన్నారు. సువర్చల గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచేది. పాదం ఎక్కడ పడుతోందో కళ్లతో చూసుకుంటూ నడిచేది. ఇందుశేఖర్ వండిన పప్పు రుచి చూసి, ఇంతకాలం ఇది తినలేదు గనకే బతికున్నాను అనేది.

ఆమె ఇప్పుడు తన నొప్పుల గురించి మాట్లాడుతోంది. మొదట్లో సిగ్గుపడుతూ, పరాయి భాష నేర్చుకుంటున్నట్టు. కుట్ల దగ్గర దురదగా ఉంటోందనేది. పొద్దున లేవగానే నడుము బిగిసిందనేది. అతను గదిలోకి రాగానే ఆ భుజాలు ఇప్పటికీ కొంచెం లేస్తాయి. అతను చూడనట్టు కిటికీ వైపు వెళ్లి, ఏదో సర్దుతూ నిలబడేవాడు. అవి దిగడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వడం నేర్చుకున్నాడు. ఆ బిగింపు ఎప్పటికీ పూర్తిగా పోదని అతనికి తెలుసు. అది పోతే వచ్చేది ఎవరో తనకు తెలియని మనిషి.

ఒక సాయంత్రం అతను గిన్నెలు తోమి వచ్చేసరికి ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. వీపు పూర్తిగా పరుపుకు ఆనించి పడుకోవడం చాలాకాలానికి చూశాడు. ఆమె పైకప్పు వైపు చూస్తూ ఉంది.

"ఏరా, పనుందా?"

"లేదు."

"కాస్త కాళ్లు పట్టు."

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె అతన్ని ఎన్నో పనులు చెయ్యమంది. చదువుకోమంది, తిండి తినమంది, గొడుగు పట్టుకెళ్లమంది. తన కోసం ఇది చెయ్యి అని ఒక్కసారి కూడా అడగలేదు. జ్వరంతో ఉన్నప్పుడు మంచినీళ్లు కూడా లేచి తనే తెచ్చుకుంది. అడగడం ఆమెకు ఎంత కష్టమైందో, ఇంకా పైకప్పు వైపే చూస్తున్న ఆ కళ్లను బట్టి తెలిసింది.

అతను మంచం చివర కూర్చున్నాడు. కుడి కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. పిక్కలు పట్టడం అతనికి రాదు. ఏదో రాసినట్టుగా, గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందోనని భయపడుతూ పట్టాడు.

"అలా నిమిరితే నిద్రొస్తుంది గాని నొప్పి పోదు. గట్టిగా పట్టు. ఇంకా కింద. అక్కడ కాదురా, పక్కన."

ఆమె చెబుతూనే ఉంది. అతను పడుతూనే ఉన్నాడు. ఒకచోట అబ్బా అంది, ఒకచోట హాయిగా ఉందంది. రెండూ ఆమె నోటి నుంచి వినడం అతనికి కొత్త. పంపు మోత ఆగింది. వీధిలో ఎవరో పిల్లల్ని పిలుస్తున్నారు. కొంతసేపటికి ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని, అతను కుడి కాలు మెల్లగా దించి, రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. తెలియని కాలే కదా, ఊరికే పట్టుకుందామనుకుని, పాదం రెండు అరచేతుల మధ్యా పెట్టుకున్నాడు.

"ఏంట్రా నీ చేతులు, ఇంత చల్లగా ఉన్నాయి?" అంది సువర్చల, కళ్లు తెరవకుండానే.